నాలుగు స్క్రూలు, ఒక పాత మోకాలు

గుల్మార్గ్‌లో మొదటిరోజు మధ్యాహ్నానికే మంచులో చతికిలబడి, ఇక నావల్ల కాదని తేల్చేసుకున్నాను. రెండు పాదాలూ మొద్దుబారిపోయాయి. తొడలు మండుతున్నాయి. అన్నిటికంటే భయపెట్టింది కుడి మోకాలు. రెండేళ్ల క్రితం మాదాపూర్‌లో స్కూటీ మీంచి పడినప్పుడు లిగమెంట్ దెబ్బతిన్న మోకాలది. నాలుగు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నాక, మెట్లెక్కేటప్పుడు కూడా దాని సంగతి గుర్తురానంతగా బాగైంది. ఇప్పుడు సరిగ్గా అదే చోట, ఎవరో తాడు మెలిపెడుతున్నట్టు సన్నగా నొప్పి.

బయల్దేరే ముందు అమ్మ ఫోన్‌లో అన్న మాటలు చెవిలో మోగాయి. "మంచు చూడాలంటే చూసి రా. దాని మీద జారడం దేనికే? మళ్లీ మంచాన పడితే విజయవాడ నుంచి పరుగెత్తుకు రావాల్సింది నేనే."

మా టీమ్‌లో నలుగురం ఫిబ్రవరిలో వచ్చాం. ఢిల్లీలో విమానం మారి శ్రీనగర్, అక్కణ్నుంచి సుమారు 50 కిలోమీటర్లు గుల్మార్గ్. చివరి 13 కిలోమీటర్లే అసలు ప్రయాణం. టంగ్‌మార్గ్ అనే ఊళ్లో బండి ఆపి చక్రాలకు ఇనుప గొలుసులు కట్టించుకోవాలి, లేదా ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలోకి మారాలి. ఆ తర్వాత మలుపు మీద మలుపు, రెండువైపులా మంచు మోస్తూ వంగిన పైన్ చెట్లు. పైకి చేరగానే పెద్ద కంచంలా పరుచుకున్న తెల్లటి మైదానం. గుల్మార్గ్ అంటే పూల మైదానం అని అర్థమట. మేం వెళ్లినప్పుడు పూలు లేవు గానీ, మైదానం మాత్రం కనుచూపుమేర ఉంది. అదృష్టవంతులం. 2024 జనవరిలో ఇదే గుల్మార్గ్ మంచే పడక గోధుమరంగులో ఉన్న ఫొటోలు ఫోన్లన్నీ చుట్టేశాయి, గుర్తుండే ఉంటుంది.

ఊరు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గొండోలా రెండు అంచెల్లో వెళ్తుంది. మొదటిది కొంగ్‌డూరి దాకా, రెండోది అఫర్వత్ కొండ భుజం దాకా, దాదాపు 4,000 మీటర్లకి. పైనున్నదంతా యంత్రాలతో చదును చేయని మంచు, హిమపాతాల ప్రమాదం ఉన్న చోటు. బాగా వచ్చినవాళ్లు గైడ్‌ని పెట్టుకుని దిగుతారు. మాలాంటి వాళ్ల ప్రపంచం కింద మైదానం పక్కనున్న చిన్న వాలు, దాని పక్కన తాడులాగే లిఫ్టు. అంతే.

ఆ చిన్న వాలు మీదే నేను ఓడిపోయాను.

పొద్దున అద్దె షాపులో జరిగింది చెప్పాలి. కుర్రాడు నా ఎత్తు ఓసారి పైనుంచి కిందికి చూసి, గోడకి ఆనించి ఉన్న బోర్డుల్లో ఒకటి తీశాడు. "రెగ్యులరా, గూఫీయా?" అని అడిగాడు. ఎడమకాలు ముందు పెట్టి జారేవాళ్లు రెగ్యులర్, కుడికాలు ముందు పెట్టేవాళ్లు గూఫీ. నాకేం తెలుసు? "తెలీదా? వెనక్కి తిరగండి" అని, మాతో వచ్చిన కరీంనగర్ తమ్ముడికి సైగ చేశాడు. వాడు "సారీ అక్కా" అంటూనే వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. పడకుండా ఎడమకాలు ముందుకేశాను. "రెగ్యులర్!" అని తీర్పు వచ్చేసింది. ఆ తోపుడు పరీక్షని గుడ్డిగా నమ్మక్కర్లేదని తర్వాత తెలిసింది. తడి గచ్చు మీద పరుగెత్తుకొచ్చి జర్రున జారతాం చూడండి చిన్నప్పుడు, అప్పుడు ఏ కాలు ముందుంటుందో గుర్తుతెచ్చుకుంటే అంతకంటే నమ్మకమైన జవాబు దొరుకుతుంది. నాకు రెండు లెక్కలూ కలిశాయి. కాబట్టి ఎడమకాలు ముందు, దెబ్బతిన్న కుడికాలు వెనక.

బూట్లు ఇచ్చాడు, బోర్డు ఇచ్చాడు, పంపేశాడు. బోర్డు మీద బూట్లని పట్టి ఉంచే రెండు ప్లాస్టిక్ కుర్చీల్లాంటివి ఉంటాయే, వాటినే బైండింగ్స్ అంటారు. అవి ఎవరో బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. వాటిని మార్చుకోవచ్చని నాకు తెలీదు. ప్రతి రోజూ ఆఫీసులో 'డిఫాల్ట్ సెట్టింగ్స్ నమ్మొద్దు' అని జూనియర్లకి చెప్పే మనిషిని, ఇక్కడ మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు!

మా ఇన్‌స్ట్రక్టర్‌ది టంగ్‌మార్గే. చలికాలం పాఠాలు చెప్తాడు, వేసవిలో ఆపిల్ తోట చూసుకుంటాడు. మేం మాస్టర్‌జీ అని పిలిచాం. పొద్దుట్నుంచీ నలుగురితో వేగుతున్నాడు. నేను కూలబడి బూటు పట్టీలు విప్పేస్తుంటే దగ్గరికొచ్చాడు.

"ఎక్కడ నొప్పి, మేడమ్?"

మోకాలు చూపించాను. పాత దెబ్బ సంగతి చెప్పాను. ఆయన ముఖం మారింది. "పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. తర్వాత మోకాలిని కాదు, బోర్డుని చూడ్డం మొదలుపెట్టాడు. వేలితో ఒక్కొక్క స్క్రూ తడిమాడు. వెనక బైండింగ్‌లో నాలుగు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి.

"ఇది మీ బోర్డు కాదు. ఆరడుగుల మనిషెవరో నిన్న వాడి వెళ్లిపోయాడు. మీరు పొద్దుట్నుంచీ అతని కాళ్లతో నిలబడ్డారు."

నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు.

ఇక్కడో విషయం. స్కీయింగ్‌లో బైండింగ్ ఒక స్థాయికి మించి మెలిక పడితే బూటుని వదిలేస్తుంది. ఎంత బలానికి వదలాలో మనిషి బరువు, అనుభవాన్ని బట్టి దాని మీద అంకె కూడా పెడతారు. స్నోబోర్డ్ బైండింగ్ అలా వదలదు. రెండు కాళ్లూ ఒకే చెక్కకి కట్టి ఉంటాయి కాబట్టి, ఒక కాలు ఒక దిక్కుకి, రెండోది ఇంకో దిక్కుకి లాగేసే ప్రమాదం తక్కువ. పడుతుండగా ఒక కాలు ఊడి రెండోది ఇరుక్కుంటేనే గొడవ. అందుకే అవి గట్టిగా పట్టుకునే ఉంటాయి. బాగానే ఉంది. కానీ దాని అర్థం, మనం ఏ కోణంలో కాలు పెడితే ఆ కోణంలోనే రోజంతా వందసార్లు కూర్చుని లేస్తాం. కోణం తప్పైతే వదిలించుకునే దారి లేదు.

మొదట్లో ఈ బాధే లేదు, ఎందుకంటే బైండింగే లేదు. 1965లో అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజినీరు పిల్లల కోసం రెండు స్కీలు కలిపి కట్టి 'స్నర్ఫర్' చేశాడు. ముందు ముక్కుకి ఓ తాడు, పట్టుకోవడానికి. కాళ్లు ఊరికే పైన పెట్టడమే. 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ బోర్డుల కంపెనీ పెట్టాక కాళ్లు కట్టేసే పద్ధతి ఊపందుకుంది. 1998 నాగానో ఒలింపిక్స్‌కల్లా స్నోబోర్డింగ్ పతకాల ఆటైపోయింది.

సరే, మళ్లీ మన మంచులోకి. మాస్టర్‌జీ నన్ను షాపుకి తిరిగి తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడితో కశ్మీరీలో ఏదో గట్టిగానే అన్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని, కాంగ్రీ పక్కన బోర్డుని నేలమీద పడుకోబెట్టాడు. కాంగ్రీ అంటే నిప్పులు పోసుకునే మట్టి కుంపటి, చుట్టూ అల్లిన బుట్ట. ఆ గంటసేపు నాకు తగిలిన వేడి అదొక్కటే.

మొదట బూట్లు విప్పమన్నాడు. నేను రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకున్నాను, చలి కదా అని. ఆయన నవ్వి, ఒకటి తీసేయమన్నాడు. రెండు జతలు వేస్తే బూటులో గాలి ఆడదు, రక్తం ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక్క జత, పొడుగ్గా, ముడత లేకుండా. బూటు లేసులు మడమ దగ్గర బిగుతుగా కట్టాడు. ముందుకి వంగినప్పుడు లోపల మడమ పైకి లేవకూడదట. "బూటు సరిగ్గా లేకుండా బైండింగ్ ఎంత సరిచేసినా దండగే" అన్నాడు. తీరా చూస్తే నా బైండింగ్ పెద్ద సైజు. చిన్న బూటు అందులో పక్కలకి ఊగుతోంది. లోపల్నుంచి ఒక మీడియం జత తెప్పించాడు.

తర్వాత నన్ను నిలబెట్టి, "కళ్లు మూసుకుని ఎగరండి" అన్నాడు. షాపులో జనం చూస్తున్నారు. ఎగిరాను. మూడుసార్లు. దిగినప్పుడు పాదాల మధ్య ఎంత దూరం ఉందో టేపుతో కొలిచాడు. భుజాల వెడల్పు కంటే కొంచెం ఎక్కువ, 48 సెంటీమీటర్లు వచ్చింది. బోర్డు మీద బైండింగ్‌ల మధ్య ఉన్నదెంతో తెలుసా? 56! అంటే పొద్దుట్నుంచీ నేను కాళ్లు చాచి, సగం గుంజీలో వేలాడుతున్నాను. తొడలు మండక ఏం చేస్తాయి?

బోర్డులో స్క్రూల కోసం జతలు జతలుగా రంధ్రాలుంటాయి, ఆ బోర్డుకి 2 సెంటీమీటర్లకో జత. ఒక్కో బైండింగ్‌నీ రెండు రంధ్రాలు లోపలికి జరిపాడు. అటు 4, ఇటు 4, లెక్క సరిపోయింది. రెండూ సమానంగా జరపాలి. ఒక్కటే జరిపితే బరువు ముందుకో వెనక్కో పోతుంది. లోతైన మెత్తటి మంచులో జారేవాళ్లు మాత్రం కావాలనే కాస్త వెనక్కి పెట్టుకుంటారట, ముక్కు పైకి తేలడానికి.

ఇక కోణం. ఇదే నా మోకాలి కథ.

బైండింగ్ మధ్యలో గుండ్రటి డిస్కు ఉంటుంది, దాని అంచున 3 డిగ్రీలకో గీత. దాన్ని తిప్పితే పాదం తిరుగుతుంది. ముందుకాలు బోర్డు ముక్కు వైపు తిరిగితే ప్లస్ అంటారు, వెనక కాలు తోక వైపు తిరిగితే మైనస్. నా ముందుకాలు ప్లస్ 21లో ఉంది, వెనకకాలు సున్నాలో. అలా నిలబడేవాళ్లు లేరని కాదు. కానీ నా పాదాలు మామూలుగా నడిచేటప్పుడే కొంచెం బయటికి తిరిగి ఉంటాయి. సున్నా దగ్గర కట్టేసిన కుడిపాదం మీద ప్రతిసారీ కూర్చుంటుంటే, మోకాలు లోపలికి వాలుతోంది. పాదం ఒక దిక్కు, మోకాలు ఇంకో దిక్కు. ఆ మెలికంతా పాత లిగమెంట్ మీద.

"మోకాలు ఎప్పుడూ కాలివేళ్ల వైపే చూడాలి, మేడమ్" అన్నాడాయన.

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఐదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. అరమండిలో కూర్చోబెట్టి మా టీచర్‌గారు కర్ర చూపిస్తూ అరిచింది ఈ ముక్కే. పాదాలు బయటికి, మోకాళ్లు పాదాల మీదికి, నడుము నిటారుగా. మోకాళ్లు ముందుకు వాలాయంటే ఆ సాయంత్రం ఇంకో ఇరవై నిమిషాలు అదే భంగిమ. విజయవాడలో పదేళ్ల వయసులో తిన్న తిట్లు, 2,650 మీటర్ల ఎత్తులో అర్థమయ్యాయి. అరమండి అంత తిప్పుకోమని కాదు లెండి. ముందుకాలు ప్లస్ 15, వెనకకాలు మైనస్ 9 పెట్టాడు. బాతులా నిలబడతాం కాబట్టి దీన్ని డక్ స్టాన్స్ అంటారు. కొత్తవాళ్లు చాలామంది ఈ చుట్టుపక్కల అంకెలతోనే మొదలుపెడతారు. ఖాళీ బోర్డు మీద నిలబెట్టి కూర్చోమన్నాడు, పైనుంచి మోకాలిచిప్పకీ రెండో వేలికీ గీత గీసినట్టు చూశాడు. "మైనస్ 12 కావాలా?" అన్నాడు. వద్దు, 9 దగ్గరే హాయిగా ఉంది.

స్క్రూలు ఎదురెదురుగా బిగించాడు, కారు టైరు మార్చేటప్పుడు చేస్తారే అలా, ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా. మరీ దిగ్గొడితే బోర్డు అడుగున గుంటలు పడతాయట. వదులైతే మీకు తెలిసిందే. బూటు పెట్టి, మడమ వైపూ వేళ్ల వైపూ బోర్డు అంచు దాటి బయటికొచ్చింది సమానంగా ఉందా లేదా చూశాడు. ఒకవైపు ఎక్కువ వస్తే, వంగినప్పుడు అది మంచుకి రాసుకుని పడేస్తుంది.

పట్టీల సంగతి నాకు అసలు కొత్త. మీగాల మీద వచ్చే పట్టీ మెత్తటి భాగం సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. నాది పక్కకి జరిగి, బిగించే రాచెట్ వచ్చి చీలమండ ఎముక మీద నొక్కుతోంది. పాదం మొద్దుబారింది చలికి కాదు, అందుకు! పట్టీకి రెండువైపులా పొడుగు సర్దుకునే వీలుందని ఎవరూ చెప్పరు. ముందు పట్టీ వేళ్ల పైన కాదు, బూటు కొసకి టోపీలా తొడగాలి. అప్పుడది బూటుని వెనక్కి నెట్టి మడమని గూట్లో కూర్చోబెడుతుంది. ఈ బోర్డు పట్టీలు అలా తొడిగే రకమే అయినా, నేను పొద్దంతా పైనే వేసుకున్నాను.

చివరికి పిక్కల వెనక నిలబడే హైబ్యాక్. దాని వెనక చిన్న మీట ఉంటుంది, ఎంత ముందుకి వాలాలో పెట్టుకోవడానికి. ముందుకి వాల్చేకొద్దీ మడమ వైపు అంచు చురుగ్గా పలుకుతుంది. కానీ మోకాళ్లు ఎప్పుడూ వంగే ఉండాలి, తొడలకి విశ్రాంతి ఉండదు. ఆరడుగులాయన దాన్ని బాగా వాల్చి పెట్టుకున్నాడు. మాస్టర్‌జీ మొత్తం వెనక్కి తెచ్చేశాడు. "ముందు సుఖం. పట్టు రేపు చూద్దాం."

ఆ సాయంత్రం నేను ఇంక జారలేదు. గదిలో మోకాలికి ఐసు పెట్టుకుని (బయట ఊరంతా ఐసే, అయినా హోటల్ వాళ్లని అడిగితే వింతగా చూశారు) ఉప్పు టీ తాగుతూ కూర్చున్నాను. గులాబీ రంగులో ఉంటుంది, పేరు నూన్ చాయ్. మన నాలుక్కి మొదటి కప్పు కష్టం, మూడోదానికి అలవాటవుతుంది. పొద్దున నొప్పి ఉంటే బోర్డు ముట్టుకోనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

నొప్పి లేదు.

రెండోరోజు అదే వాలు. కూర్చుని, బూటు అడుగున అంటుకున్న మంచు గీకేసి (ఇది మర్చిపోతే ఎంత బిగించినా బూటు సరిగ్గా కూర్చోదు), ముందుకాలు కట్టుకుని, తర్వాత వెనకకాలు. లేచి నిలబడగానే తేడా తెలిసిపోయింది. గొప్పగా జారానని కాదు. పడ్డాను, పద్దెనిమిదిసార్లు దాకా లెక్కపెట్టి మానేశాను. మణికట్లకి గార్డులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బలు తగిలేది అక్కడే. కానీ నిన్న పడినప్పుడు ఎందుకు పడ్డానో తెలిసేది కాదు. ఇవాళ తెలుస్తోంది: వెనక్కి వాలాను, లేదా కింద నేలకేసి చూశాను, లేదా భయపడ్డాను. తప్పు నాదైనప్పుడు సరిదిద్దుకోవడం ఎంత తేలికో!

'ఫాలింగ్ లీఫ్' అని ఒక పాఠం. మడమ అంచు మీద నిలబడి, రాలే ఆకులా కాస్త ఎడమకి, కాస్త కుడికి ఊగుతూ దిగడం. మధ్యాహ్నానికి అది వచ్చేసింది. లిఫ్టు మాత్రం ఏడిపించింది. వెనకకాలు విప్పి, దాన్ని బోర్డు మీద ఊరికే ఆనించి, నడుం కింద పెట్టుకున్న కర్ర లాగుతుంటే పైకి పోవాలి. దాని మీద పడ్డవి లెక్కలో కలపలేదు. భోజనానికి ఆగినప్పుడు మాస్టర్‌జీ మా నలుగురి స్క్రూలూ తడిమి చూశాడు. కరీంనగర్ తమ్ముడిది ఒకటి వదులైంది. అప్పట్నుంచి వాడు అరగంటకోసారి చూసుకున్నాడు.

మూడోరోజు పొద్దున నేనే అడిగాను. "మడమ అంచు మీద గట్టిమంచు వస్తే కటకటలాడి జారిపోతోంది. ఏమైనా మార్చాలా?" ఆయన చాలా సంతోషించాడు. హైబ్యాక్‌ని రెండు గాట్లు ముందుకి వాల్చాడు. కోణాలు అడిగితే ముట్టుకోనివ్వలేదు. "ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో మీకెలా తెలుస్తుంది?" సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆ మాట చెప్పాల్సొచ్చింది చూడండి.

రెండు గాట్లే. కానీ పిక్క కాస్త వెనక్కి ఆనిస్తే చాలు, అంచు మంచులో దిగుతోంది. నిన్నటి సుఖంలో కొంచెం తగ్గింది, తొడలు మళ్లీ పలకరించాయి. ఆ బేరం నాకు నచ్చింది.

ఆ మధ్యాహ్నం గొండోలాలో కొంగ్‌డూరి దాకా వెళ్లాం. డబ్బాలోంచి కింద చెట్ల మధ్య మంచు కప్పేసిన గొర్రెల కాపరుల గుడిసెలు కనిపించాయి. పైన అఫర్వత్ మబ్బులో ఉంది. అక్కణ్నుంచి ఊళ్లోకి చెట్ల మధ్యగా దారి దిగుతుంది. బాగా వచ్చినవాళ్లు క్షణాల్లో మాయమయ్యారు. నాకు గంటన్నర పట్టింది. ఆకులా ఊగుతూ, ప్రతి మలుపులో ఆగుతూ, రెండుచోట్ల బోర్డు విప్పి చంకలో పెట్టుకుని నడిచి. మధ్యలో ఒకచోట గాలి ఆగిపోయింది. చెట్టు మీంచి మంచు ముద్ద జారిపడిన చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుట్నుంచీ మోకాలి గురించి ఒక్కసారి కూడా అనుకోలేదని.

బోర్డు తిరిగిచ్చే ముందు ఫోన్ నోట్స్‌లో రాసుకున్నాను: రెగ్యులర్, 48, ప్లస్ 15, మైనస్ 9, హైబ్యాక్ రెండు గాట్లు, ఒక్క జత సాక్సులు. షాపు కుర్రాడు బోర్డు తీసుకుని గోడకి ఆనించాడు. పక్కనే ఢిల్లీ నుంచి వచ్చిన పొడుగాటి అబ్బాయి ఎదురుచూస్తున్నాడు. కుర్రాడు అతన్నోసారి పైనుంచి కిందికి చూసి, చెయ్యి మళ్లీ నా బోర్డు మీదే వేశాడు.

"భయ్యా, బైండింగ్ మార్పించుకోండి. అది నా సైజు" అన్నాను.

వచ్చేటప్పుడు టంగ్‌మార్గ్‌లో ఒక హార్డ్‌వేర్ కొట్టు దగ్గర బండి ఆపించి, మాస్టర్‌జీ వాడిన లాంటి స్టార్ స్క్రూడ్రైవర్, 3 నంబరుది, కొనుక్కున్నాను. చెకిన్ బ్యాగులో పెట్టాను, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులో ఉంచేసుకుంటారని. సంక్రాంతికి వెళ్లలేకపోయాను కదా అని హైదరాబాద్‌లో దిగిన వారమే విజయవాడ వెళ్లాను. అమ్మ ముందు నా నడక చూసింది, హాల్లోంచి వంటింటి దాకా, తిరిగి హాల్లోకి. తర్వాత బ్యాగు తెరిచింది.

"కశ్మీర్ వెళ్లి ఏం తెచ్చావే? శాలువా ఏది?"

స్క్రూడ్రైవర్ చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, వంటింట్లోకి పట్టుకెళ్లింది. కుక్కర్ పిడి స్క్రూకి పెద్దదైపోయిందట, రెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చిచ్చింది.